చెయ్యి మరిచిన అక్షరం

పోయిన నెలలో ఒక గురువారం, క్లాసు అయిపోయే ముందు మా లావ్‌షి అందరికీ ఒక ఫారం పంచారు. చైనీస్‌లో లావ్‌షి అంటే టీచరు. ఫారంలో పేరు, పాస్‌పోర్టు నంబరు, ఏ స్థాయి పరీక్ష అన్న వివరాలు. చివర రెండు గడులు: పరీక్ష కాగితం మీద రాస్తారా, కంప్యూటరు మీద రాస్తారా? మంగళవారానికల్లా నింపి ఇమ్మన్నారు. పదకొండు మందిమి ఉంటే తొమ్మిది మంది అక్కడికక్కడే కంప్యూటరు గడిలో టిక్కు పెట్టేశారు. నేనూ పెట్టబోయి ఆగాను.

పగలంతా కీబోర్డు మీద బతికేవాడిని, ఇందులో ఆలోచించాల్సింది ఏముందని మీరనుకోవచ్చు. నేనూ అదే అనుకున్నాను.

ముందు ఈ క్లాసు సంగతి. సింగపూర్ వచ్చి ఏడేళ్లయింది. ఇక్కడ ఇంగ్లీషుతో బండి నడిచిపోతుంది కాబట్టి చైనీస్ జోలికి పోలేదు. కాఫీ కొట్లో వేలు పెట్టి చూపించడం, డబ్బులివ్వడం, అంతే. పోయినేడు మా ప్రాజెక్టులో సగం పని చెంగ్డూలో ఉన్న టీముకి వెళ్లింది. మీటింగు మధ్యలో వాళ్లలో వాళ్లు ఏదో అనుకుని నవ్వుకుంటారు. నేనూ నవ్వేవాణ్ణి, ఎందుకో తెలియకుండానే. అలా కొన్నాళ్లు నవ్వాక సిగ్గేసి మంగళ, గురువారాల్లో సాయంత్రం ఏడింటి క్లాసులో చేరాను. పరీక్ష పాసైతే ఫీజు మొత్తం కంపెనీ తిరిగి ఇస్తుంది. తప్పితే పైసా రాదు.

పరీక్ష పేరు హెచ్‌ఎస్‌కె. మా బ్యాచి రాసేది మూడో స్థాయి. మొత్తం 600 మాటలు, 80 ప్రశ్నలు, 300 మార్కులు. 180 వస్తే పాసు. మొదటి రెండు స్థాయుల్లో ప్రశ్నపత్రంలోని ప్రతి గుర్తు పైనా దాని ఉచ్చారణ ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. ఆ పద్ధతినే పిన్‌యిన్ అంటారు. 1958లో చైనా దాన్ని అధికారికంగా తీసుకుంది. మూడో స్థాయిలో ఆ ఊతకర్ర తీసేస్తారు. పైగా రాత విభాగం ఒకటి కొత్తగా వస్తుంది. అందులో పది ప్రశ్నలు. అయిదింటిలో చెదిరిన మాటల్ని వాక్యంగా పేర్చాలి. మిగతా అయిదింటిలో వాక్యం మధ్య ఖాళీ ఉంటుంది, దాని పైన పిన్‌యిన్ ఉంటుంది, ఆ గుర్తు మనం రాయాలి. కాగితం మీదైతే చేత్తో గీయాలి. కంప్యూటరు మీదైతే పిన్‌యిన్ కొడితే గుర్తులు వరసగా వస్తాయి, సరైనది ఎంచుకుంటే చాలు.

పలకడంలో నాకు పెద్ద కష్టం రాలేదు. ఆ గొప్ప నాది కాదు, తెలుగుది. పిన్‌యిన్‌లో 'బి' అని రాసేది నిజానికి మన 'ప'. 'పి' అని రాసేది అదే 'ప'ని గాలి వదిలి ఒత్తి పలికితే వచ్చేది. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్లు ఇక్కడ తికమక పడతారు. ఇంకో తమాషా ఉంది. మన చాపలో 'చ', చీమలో 'చ' ఒకటి కాదు. పాత పుస్తకాల్లో చాపలోని 'చ' మీద చిన్న గుర్తు పెట్టి ఆ తేడా చూపించేవారు. పిన్‌యిన్‌లో 'జెడ్' అని రాసేది చాపలో 'చ'కి దగ్గర, 'జె' అని రాసేది చీమలో 'చ'కి దగ్గర. ఇది పట్టుకున్న రోజు క్లాసులో నేను హీరోని.

రాత దగ్గరికి వచ్చేసరికి జీరోని.

ఆ గురువారమే లావ్‌షి అయిదు మాటలు చెప్పి కాగితం మీద రాయమన్నారు. అయిదూ నాకు తెలుసు. తెర మీద కనిపిస్తే చటుక్కున గుర్తుపడతాను, ఫోన్లో క్షణంలో కొడతాను. చేత్తో మాత్రం ఒక్కటే రాయగలిగాను. మిగతావాటికి ఎడమవైపు సగం గుర్తొచ్చింది, కుడివైపు ఏముండాలో తెలియలేదు. మొహం గుర్తుండి పేరు గుర్తురాని చుట్టాన్ని పెళ్లిలో చూసినట్టయింది.

లావ్‌షి నవ్వి, దీనికి మా దగ్గర ఒక మాటే ఉంది అన్నారు. 'థి పి వాంగ్ జ్'. కలం ఎత్తగానే అక్షరం మరిచిపోవడం. ఉదాహరణకి 'తుమ్ము' అన్న మాట రాస్తానని బోర్డు వైపు తిరిగారు. మొదటి గుర్తు రాశారు. రెండోది సగంలో ఆగిపోయింది. రెండు మూడు సార్లు గాలిలో వేలు తిప్పి చూసుకుని, చివరికి ఫోను తీసి, అందులో చూసి రాశారు. "నేను చైనాలో పుట్టి పెరిగిన మనిషిని. రోజంతా టైపు చేస్తాను, అందుకే ఇలా" అన్నారు. అందరం నవ్వాం.

ఆ నవ్వు ఇంటికొచ్చేలోపే పోయింది. ఎందుకంటే నేను తెలుగు రాసేదీ అచ్చంగా ఇలాగే. ఈ బ్లాగులో ఇన్నేళ్లుగా రాసిన ప్రతి అక్షరం ఇంగ్లీషు మీటల మీద కొట్టినదే. ఎవరూ నేర్పలేదు, లేఖిని పేజీ తెరుచుకుని తడుముకుంటూ నేర్చుకున్నాను. తెలుగులో ఆలోచిస్తాను, వేళ్లు ఇంగ్లీషులో కదులుతాయి, తెర మీద తెలుగు పడుతుంది. చేత్తో తెలుగు చివరిసారి ఎప్పుడు రాశానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

శనివారం తెల్లకాగితం తీసుకుని అమ్మకి ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగో లైనుకే వేళ్లు లాగాయి. పదో లైనులో, మొన్న విమానం కుదుపులకి గుండె ఝల్లుమంది అని రాయబోయాను. 'ఝ' దగ్గర పెన్ను ఆగింది. జె, హెచ్, ఎ. మీటలు గుర్తున్నాయి, అక్షరం గుర్తులేదు. 'ర' లాంటిదేదో మొదలై 'య' లాంటిదేదో అవుతుందని తెలుసు, మధ్యలో ఏం జరుగుతుందో తెలియదు. ఫోను తీయబోయి, తీయకుండా తోచినట్టు గీసేశాను. లావ్‌షి తుమ్ము, నా ఝల్లు, రెండూ ఒకటే జబ్బు.

మా మూడో స్థాయి మాటల్లో 'నాయ్‌నాయ్' ఉంది. అర్థం నాయనమ్మ. శబ్దం కలవడం కాకతాళీయమే, కానీ నాకా మాట ఒక్కసారికే పట్టుబడింది. 1990ల మొదట్లో మా నెల్లూరు జిల్లాలో ఊరూరా రాత్రి బడులు నడిచాయి. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం వెనక ఆ బడులున్నాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా నాయనమ్మ ఉద్యమం దాకా పోలేదు గానీ, యాభై దాటాక పలక పట్టింది. తన పేరులో 'క్ష్మ' ఉంది. పలక పట్టిన మనిషికి అంత ఒత్తు ఎంత బరువో ఊహించుకోండి. చాలా నెలలు అక్కడే ఆగిందట.

నాకు గుర్తున్నది తర్వాతి సంగతి. పింఛను తీసుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. గుమస్తా తలెత్తకుండానే ఇంకుప్యాడు ముందుకు తోశాడు. ఈమె దాన్ని వెనక్కి తోసి, "పెన్నియ్యి నాయనా, నాకు రాసేది వచ్చు" అంది. వెనక వరసలో గొణుగుడు. క్షణంలో అయిపోయే వేలిముద్ర మానేసి, నిలబడి, 'క్ష్మ' దగ్గర పెదాలు బిగించి, మొత్తం పేరు రాసింది. అప్పుడు నాకు సిగ్గేసింది. వేలిముద్ర వేసినా అదే డబ్బు వస్తుంది కదా, ఎందుకింత ఆలస్యం అనుకున్నాను.

మంగళవారం క్లాసుకి ముందు ఈ గడుల గోల మా బ్యాచిలోని ఫిలిప్పీన్స్ నర్సుతో అన్నాను. "నాకు వార్డులో ముసలివాళ్లతో మాట్లాడటం వస్తే చాలు. గీతలు గీసే టైము నాకెక్కడిది?" అంది. ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. డ్యూటీ దిగి నేరుగా క్లాసుకొచ్చే మనిషి కంప్యూటరు గడే ఎంచుకోవాలి. పనికొచ్చే లెక్కే చూస్తే నేనూ అదే చెయ్యాలి. చెంగ్డూ టీముకి నేను చేత్తో రాసేది ఏమీ ఉండదు, ఫీజు డబ్బులు చిన్నవీ కావు.

కాగితం గడిలో టిక్కు పెట్టాను. లావ్‌షి ఫారం చూసి, నన్ను చూసి, మర్నాటి నుంచి రోజుకి పది గుర్తులు రాసి ఫొటో పంపమన్నారు. పంపుతున్నాను. 'నాయ్' గుర్తులో గీతలు అయిదే. ఎడమవైపు స్త్రీ, కుడివైపు రెండు గీతలు. పాలు అన్న మాటలోనూ అదే గుర్తు. అది ఇప్పుడు కళ్లు మూసుకుని రాస్తాను. మొన్నటి మాదిరి పరీక్షలో ఖాళీలు అయిదింటిలో మూడు నింపాను. అసలు పరీక్ష వచ్చే ఆదివారం.

నిన్న అమ్మ ఫోను చేసింది. ఉత్తరం అందిందట. రెండుసార్లు చదివిందట, పక్కింటి పిన్నికీ చూపించిందట.

"అంతా బాగుంది గానీ ఏరా, గుండె ఏమైంది నీకు? ఆ మాట ఎటు తిప్పి చదివినా తెలియలా."

ఝల్లుమందని చెప్పాను.

"దాన్ని 'ఝ' అంటారా! వందసార్లు రాసి పంపు" అంది.