సౌదీ రేటు, కోదాడ హిసాబు

"ఇక్కడ పెట్రోలు 2.18 రియాళ్లే భాయ్‌జాన్!" అంటాడు సౌదీలో బండి నడిపే మా ఖాలా కొడుకు. అంటే సుమారు యాభై రూపాయలు. మన కోదాడలో వంద దాటి ఎన్నాళ్లయిందో! బార్డర్ దాటి జగ్గయ్యపేట వెళ్తే ఇంకా మహంగా.

ఈ ఫరక్‌లో పెద్ద హిస్సా పన్నులదే. కేంద్రం ఎక్సైజు, దానిపైన రాష్ట్ర హుకూమత్ వ్యాట్: పెట్రోలుకు 35.2 శాతం, డీజిల్‌కు 27. 2017లో జీఎస్టీ వచ్చినా ఈ రెండూ బయటే ఉండిపోయాయి.

సౌదీలోనూ డీజిల్ 2023లో 0.75 రియాలు, 2025లో 1.66. అక్కడా సస్తా రోజులు పోతున్నాయి.

బండి లేని గరీబు కూడా ఈ పన్ను కడుతున్నాడు. మిర్యాలగూడ మిల్లు బియ్యం సూర్యాపేటకు వచ్చేది డీజిల్ లారీలోనే. ఆ కిరాయి కిరాణా చిట్టీలో కలుస్తుంది. అమీరుకూ గరీబుకూ ఒకే పన్ను అంటే ఇన్సాఫ్ కాదు. ముందు డీజిల్ వ్యాట్ తగ్గించాలి. ఓటు కోసం గల్లీకి వచ్చే లీడర్ సాబ్‌కు సలాం చెప్పి, ఈ సవాల్ కూడా అడగండి.