ముఖచిత్రం మీద నడుము ఉంది, పేరేదీ?

జానపదం పేరుతో వస్తున్న వీడియో పాటల మీద మన సంఘాల్లో చర్చ మొదలైతే చాలు, మాట నేరుగా లంగా ఓణీ దగ్గరికి పోతుంది. నడుము ఎంత కనిపించింది, కెమెరా ఎక్కడ ఆగింది, ఇంటిల్లిపాదీ కలిసి చూడగలమా. అశ్లీల పోస్టర్లకు తారు పూసిన రోజుల నుంచీ మనకిది అలవాటు. 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రీకరణ నిషేధ చట్టం చేతిలో ఉంది కనుక అన్నిటినీ దానితోనే కొలుస్తున్నాం. ఆ చట్టం కింద కేసు పెడితే ఊళ్ళో ముందుగా తల దించుకోవలసింది ఆడిన అమ్మాయే. ఆమెకు కూలి ఎంత ముట్టింది, పేరు ఎక్కడ వేశారు అని అడిగినవాళ్ళం మనలో ఎందరం?

బాన్సువాడ వైపు చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు, నాట్లేస్తూ పాడేవాళ్ళకు ఇది దూరపు సంగతి కాదు. మంజీర ఒడ్డు, నిజాంసాగర్ కాలువ కింది వరి మళ్ళు, తండా ఆడవాళ్ళ అద్దాల రవికెలు ఇప్పుడు ‘లొకేషన్లు’. పాట అవ్వ నోటిది. ముఖచిత్రం మీద మాత్రం మీసం మెలేసిన గాయకుడు, పక్కన అమ్మాయి నడుము. అవ్వ కనిపిస్తే చప్పట్లు కొట్టే గుంపులో కనిపిస్తుంది.

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాకు ‘సారంగ దరియా’ వచ్చినప్పుడు, అది ‘రేలా రె రేలా’ కార్యక్రమంలో తాను పాడిన పాట అని గాయని కోమలి బయటికొచ్చి చెప్పింది. రచయితగా సుద్దాల అశోక్‌తేజ పేరుంది, గొంతు మంగ్లీది. మంగ్లీ గొప్పగా పాడింది, అది వేరే మాట. రచ్చ జరిగాకే దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు ఇస్తామన్నాడు. టీవీలో ముఖం తెలిసిన మనిషికే ఇంత పోరాటమైతే, ఊళ్ళో పాడే అవ్వ గతేమిటి?

జానపదానికి యజమాని ఎవరమ్మా, అది అందరిదీ అంటారు తీసేవాళ్ళు. పాట అందరిదే. కానీ ఆ రోజు కెమెరా ముందు పాడిన పాడటం ఆమెది. కాపీరైటు చట్టంలో 1994 సవరణ గాయకులకూ నర్తకులకూ ప్రదర్శన హక్కు ఇచ్చింది. 2012 సవరణ దానికి రాయల్టీనీ, ఈ ప్రదర్శన నాదని చెప్పుకునే హక్కునూ చేర్చింది. అయితే అందులోనే ఒక మెలిక పెట్టారు. వీడియోలో నామమాత్రంగా కనిపించి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేర్ల జాబితాకెక్కని మనిషిని చట్టం కళాకారిణిగా లెక్కించదు. తన ప్రదర్శనను వక్రీకరించి పరువు తీస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే ఆమెకు మిగులుతుంది. అంటే ముఖచిత్రం గీసేవాడు, చివర పేర్లు కూర్చేవాడు చేసేది అలంకారం పని కాదు. ఎవరు కళాకారిణి, ఎవరు గుంపు అన్నది అక్కడే తేలిపోతోంది.

కాబట్టి నడుము కొలతలు కాస్త పక్కన పెడదాం. కెమెరా తెరవకముందే తెలుగులో కాగితం రాయించి, చదువురాని వాళ్ళకు చదివి వినిపించి, ఒక ప్రతి ఆమె చేతికి ఇప్పించాలి. పేరు ఎక్కడ వేస్తారో, ముఖచిత్రానికి ఏ ఫోటో వాడతారో, హక్కు ఎన్నేళ్ళకు ఇస్తోందో అందులో ఉండాలి. ఏళ్ళు రాయకపోతే చట్టం 5 ఏళ్ళుగా లెక్కిస్తుంది. కాగితమడిగితే ఇంకో ఊరికి పోతామని బెదిరిస్తారు. పోనివ్వండి, ఆ ఊళ్ళోనూ సంఘం ఉంది.