ఇంట్లో కూడా ఇంగ్లీషేనా?

పోయిన సంక్రాంతికి ఆవనికి పోయినప్పుడు అవ్వ మా నాలుగున్నర ఏండ్ల పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకొని, కొండమీది సీతమ్మ గుడి చూపించి లవకుశుల కథ మొదలుపెట్టింది. నాలుగు మాటలయినాక పాప మా వైపు తిరిగి, "వాట్ ఈజ్ షీ సేయింగ్?" అనింది. అవ్వ నవ్వి ఊరుకునింది. మాకు నవ్వు రాలేదు.

తప్పు మాదే. బెంగుళూరులో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో నర్సరీకి చేర్చినప్పుడు, "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని చెప్పినారు. మేము కన్నడ మీడియంలో చదివి, తొలి ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషు నోట రాక అవస్థ పడినవాళ్ళం. ఆ భయంతోనే తల ఊపినాం. ఏడాదిన్నర అట్లే నడిపినాం.

బడిని తిట్టేదానికి ఇది రాయడం లేదు. అక్కడ నేర్పేది చూస్తే మాకే ఆశ పుడుతుంది. ముందు శబ్దం, తర్వాతే అక్షరం. పూసలను రంగుల ప్రకారం వేరు చేయడం, వరుస చూసి తర్వాత ఏమొస్తుందో చెప్పడం, మట్టి పిసికి వేళ్ళకు పట్టు తెచ్చుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, నలుగురి ముందు నిలబడి తన బొమ్మ గురించి చెప్పడం. 1840లో జర్మనీలో ఫ్రోబెల్ తన బడికి 'పిల్లల తోట' అని పేరు పెట్టింది ఇందుకే. ఆటలోనే పిల్లలు మొక్కల్లాగా ఎదగాలని.

అయితే మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని. ఏది దేనివల్ల నడుస్తోందో విడదీసి చూడటం మా అలవాటు. పైన చెప్పినవాటిలో ఇంగ్లీషు లేకుంటే ఆగిపోయేది ఏది? ఒక్కటీ లేదు. చలికాలంలో నానబెట్టిన అనపగింజలు ముందు పెట్టి పితకపప్పు చేయమంటే పాప వేళ్ళకు అదే పని. వామనగుంటల్లో లెక్కా ఉంది, వంతు కోసం ఆగడమూ ఉంది. విన్న కథను తిరిగి చెప్పమంటే నలుగురిలో మాట్లాడటం వస్తుంది.

2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలో, మాతృభాషలో, లేదా స్థానిక భాషలో చెప్పమంటుంది. మన కోలారు జిల్లావాళ్ళ చిక్కు వేరే. ఇంట్లో తెలుగు, రాష్ట్రంలో కన్నడం, బళ్ళో ఇంగ్లీషు. కన్నడాన్ని ఒకటో తరగతి నుంచే నేర్పాలని 2015 చట్టం ఉంది. ఇంగ్లీషుకు ఫీజు కట్టిన బడి ఉంది. మన తెలుగుకు ఉండేది ఇల్లొక్కటే. దాన్నీ మూసేస్తే?

చిన్న తలకు మూడు భాషలు బరువు కదా అంటారు. మన జిల్లాలోనే 1891లో పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటి భాష తమిళం. కన్నడంలో రాసి 1983 జ్ఞానపీఠం అందుకొన్నారు. అంత పెద్దవాళ్ళెందుకు, మా సంగతే చెప్తాం. మేము తెలుగు అక్షరాలు ఇరవై ఏండ్లు దాటినాక నేర్చుకున్నాం. కన్నడ లిపి వచ్చు, తెలుగు చెవిలో ఉంది, కొన్ని వారాల్లోనే చదవడం పట్టుబడింది. లిపి ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. అవ్వ ఒళ్ళో కూర్చొని మాట వినే వయసు మళ్ళీ రాదు.

సంక్రాంతి నుంచి మా ఇంట్లో పద్ధతి మార్చినాం. గడప లోపల తెలుగే. రాత్రి ఒక కథ. తప్పు మాట్లాడితే నవ్వం, సరైన మాటను మేము మళ్ళీ పలుకుతాం. అక్షరాలకు తొందర పెట్టం. రోజూ అవ్వకు ఫోను. స్కూల్లో పాప ఇంగ్లీషు ఏమీ తగ్గలేదు.

లవకుశులు మా ఊర్లోనే పుట్టినారని, వాల్మీకి దగ్గర రామాయణమంతా విని నేర్చుకున్నారని ఆవనిలో అందరూ చెప్పుకుంటారు. పోయిన వారం పాప ఫోన్లో, "అవ్వా, లవుడు పెద్దోడా, కుశుడు పెద్దోడా?" అని అడిగింది. అవ్వ అరగంట చెప్పింది. పాపకు సగమే అర్థమైందేమో. మా వైపు మాత్రం తిరగలేదు.

జూన్‌లో పిల్లలను చేర్చబోయేవాళ్ళకు మేము చెప్పేది ఒకటే. ఫీజు కట్టండి, ఇంగ్లీషు బాగా నేర్పించండి. 'ఇంట్లో కూడా' అన్నప్పుడు మాత్రం మాలాగా తల ఊపొద్దండి.