ఇంటికి పంపుటకు మునుపు

శరీరమందలి సిరలన్నియు ప్రాణవాయువు తరిగిన రక్తమును గుండెకు చేరవేయుచుండగా, ఊపిరితిత్తులనుండి వెలువడు నాలుగు సిరలు మాత్రము ప్రాణవాయువుతో నిండిన ఎఱ్ఱని రక్తమును గొనివచ్చి ఎడమ కర్ణికలో విడుచును. అచ్చటినుండియే అది దేహమంతటికిని ప్రవహించును. పదమూడవ శతాబ్దములోనే ఇబ్న్ అల్ నఫీస్ అను అరబ్బు వైద్యుడు ఈ మార్గమును గ్రహించి గ్రంథస్థము చేసెను. ఆ నాలుగు సిరలు చోటు తప్పినచో పసిబిడ్డకు సంభవించు విపత్తు ఎట్టిదో, దానిని పసిగట్టుటకు మన ప్రసూతి ఆసుపత్రులు చేయవలసిన పని ఎంత స్వల్పమో చెప్పుటకే ఈ వారము ఈ శీర్షికను వినియోగించుచున్నాను.

గర్భములో నున్నంతకాలము శిశువు తన ఊపిరితిత్తులతో శ్వాసింపదు. ప్రాణవాయువు తల్లినుండి మాయ ద్వారా అందుచుండును. కావున పిండము రూపుదాల్చు తొలి వారములలో ఈ సిరలు ఎడమ కర్ణికతో అతుకుకొనక వేఱొక దారి పట్టినను, లోపల బిడ్డ చక్కగానే పెరుగును. నిపుణులు చేయు స్కానింగులో సైతము ఈ లోపము తఱచుగా తప్పించుకొనును. దారి తప్పిన సిరలు కొందఱిలో మెడవైపునకు ఎగబ్రాకి పైనున్న మహాసిరలో కలియును. కొందఱిలో కుడి కర్ణికలోనికే తెఱచుకొనును. మఱికొందఱిలో ఉదరవితానమును దాటి క్రిందికి దిగి కాలేయమునకు పోవు సిరలో కలియును. ఏ దారిన పోయినను, చేనికి పాఱవలసిన కాలువనీరు మరల చెరువులోనికే మళ్లినట్లు, శుద్ధిపొందిన రక్తమంతయు దేహమునకు పోక కుడి గుండెకే తిరిగివచ్చును. గుండెజబ్బుతో పుట్టిన బిడ్డ యనగానే మనవారు గుండెకు రంధ్రము పడినదని కంటతడి పెట్టుదురు. కాని రెండు కర్ణికల నడుమ రంధ్ర మున్నది గనుకనే ఈ బిడ్డ బ్రతికియున్నది. ఆ రంధ్రముగుండా ఎడమవైపునకు జాఱు కలగలుపు రక్తమే దానికి ఆధారము.

ఇక క్రిందికి దిగిన సిరల సంగతి మఱింత దారుణము. కాలేయముకడ ఆ దారి ఇఱుకై, రక్తము ముందుకు పోలేక వెనుకకు ఒత్తుకొని, పుట్టిన కొన్ని గంటలలోనే ఊపిరితిత్తులు నీరు పట్టును. గుండెలోపముచే ఒడలు నీలివర్ణము దాల్చు ఇతర బిడ్డలలో పెక్కుమందిని ఆపరేషను వఱకు నిలబెట్టు మందు ఇచ్చట అంతగా అక్కఱకు రాదు. ఆ బిడ్డకు శస్త్రచికిత్స వెంటనే జరుగవలెను.

ఈ జబ్బు మోసమంతయు దాని నిశ్శబ్దమునందున్నది. గుండెజబ్బనగా స్టెతస్కోపునకు వినబడు మర్మరధ్వని అందఱికిని తెలిసినదే; ఈ బిడ్డలలో అనేకులకు ఆ ధ్వనియే యుండదు. నీలివర్ణము కనబడదా యందురేమో. రక్తములో ప్రాణవాయువు శాతము ఎనుబదులలోనికి దిగినను కంటికి ఆ నీలిమ సరిగా ఆనదు. మన బిడ్డల చామనచాయలో, పురిటి గదిలోని మసక వెలుతురులో, అనుభవజ్ఞురాలైన నర్సు సైతము పొరపడుటకు అవకాశము గలదు. ఇంటికి వచ్చిన పిమ్మట తల్లియే మొదట గ్రహించును. 'రెండు గుక్కలు తాగి వదిలేస్తాడండీ, నుదురంతా చెమటలు పడతాయి, డొక్కలెగరేస్తాడు' అని ఒక తల్లి డాక్టరుతో చెప్పుచుండగా నేను విన్నాను. ఆ మాటలలో రోగలక్షణములన్నియు నున్నవి. అయినను అట్టి బిడ్డకు నెమ్ము చేసినదని చెప్పి, ఒక మందు వెనుక మఱియొక మందు మార్చుచు, వారములు గడపుట మన యూళ్లలో సామాన్యము. ఎక్సరేలో ఊపిరితిత్తులు తెల్లగా కనబడుటచే డాక్టరును భ్రమపడును. శస్త్రచికిత్స లేనిచో ఈ బిడ్డలలో అయిదుగురిలో నలుగురు తొలి పుట్టినరోజు చూడరని పూర్వపు వైద్యుల లెక్క.

కంటికిని చెవికిని అందని దానిని పట్టుకొను సాధనము మనకు కొత్తది కాదు. జపాను ఇంజనీరు తకువో ఆవొయాగి 1970 దశకమున కనిపెట్టిన పల్సు ఆక్సీమీటరును కోవిడు కాలమున మనవారు ఇంటింట వేలికి తగిలించుకొని చూచికొనిరి. పసికందునకు ఆ వేలి యంత్రము పనికిరాదు. పాదమునకు చుట్టు చిన్న మెత్తని పట్టీ కావలెను. ఎఱ్ఱని వెలుగు పలుచని పాదముగుండా ప్రసరించి ఆవలికి వచ్చును. బిడ్డ కాలు తన్నినంతసేపు అంకెలు చెదరుచుండును. పాలు త్రాగి నిద్దురపోగానే అంకె నిలుచును. పుట్టిన ఇరువదినాలుగు గంటల తరువాత కుడిచేతికిని ఒక పాదమునకును ఇట్లు చూడవలెను. ప్రాణవాయువు శాతము 95 గాని అంతకు మించి గాని యుండి, రెంటికిని నడుమ భేదము 3కు మించనిచో బిడ్డను ఇంటికి పంపవచ్చును. 90కి తక్కువైనచో తక్షణమే గుండెకు ఎకో పరీక్ష చేయింపవలెను. నడుమ నున్నచో గంట గడచిన పిమ్మట మరల చూడవలెను. సూది లేదు, నొప్పి లేదు, పట్టుకాలము కొన్ని నిమిషములు.

అమెరికా ప్రభుత్వము 2011లో ఈ పరీక్షను నవజాత శిశువులందఱికి చేయదగిన పరీక్షల పట్టికలో చేర్చెను. దూరదేశపు మాట యేల? కేరళ ప్రభుత్వము 2017లో 'హృద్యం' అను పథకమును ఆరంభించి, తన ప్రసూతి ఆసుపత్రులలో ఈ పరీక్షను ప్రవేశపెట్టి, జబ్బు తేలిన బిడ్డకు చికిత్స వఱకు దారి చూపినది. ఈ పరీక్ష అన్ని గుండెలోపములను పట్టుకొనజాలదనుట నిజమే; ఒక్కొక్కప్పుడు గుండె బాగుండియు అంకె తగ్గవచ్చును. అయినను అట్టి బిడ్డలో ఊపిరితిత్తుల జబ్బో, రక్తమున సోకిన విషక్రిమియో బయటపడుట గలదు. అదియును లాభమే గదా. జాతకమునకై జన్మసమయమును నిమిషములతో వ్రాసికొను మనము, డిశ్చార్జి కాగితముపై బిడ్డ బరువు ప్రక్కనే ఈ రెండంకెలును వ్రాయుమని ఆసుపత్రిని అడుగవలెను. అడిగిన కుటుంబమునకు మాత్రమే కాక, అడుగుట తెలియని కుటుంబమునకును అవి వ్రాయబడునట్లు తెలుగు ప్రభుత్వములు రెండును ఆజ్ఞ చేయవలెను.

పట్టుకొన్న పిమ్మట చేయగలిగిన దేమియు లేనిచో ఇంతగా చెప్పియుండను. 1798లోనే జేమ్స్ విల్సన్ లండనులో ఈ వైకల్యమును వర్ణించినను, 1950 దశకము వఱకు శస్త్రకారులు దానిని సరిదిద్దజాలకపోయిరి. నేడు సమర్థులైనవారి చేతులలో ఇతర లోపములు లేని బిడ్డలలో నూటికి తొంబదిమందికి పైగా బ్రతుకుచున్నారు. పుట్టపర్తిలో 1991 నుండి ఉచితముగా గుండె శస్త్రచికిత్సలు జరుగుచున్నవి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. 2021లో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానము వారు పిల్లల గుండె ఆసుపత్రిని తెఱచిరి. ఈ ద్వారములన్నియు తెఱచియుండగా, జబ్బున్నదని తెలియక బిడ్డ ఇంటియొద్దనే పోవుట నాకు దుస్సహముగా నున్నది.

ఆపరేషనుతో కథ ముగియదని కూడ తల్లిదండ్రులకు స్పష్టముగా చెప్పవలెను. సిరలను ఎడమ కర్ణికతో అతికించిన చోటనో, ఆ సిరల లోపలనో కణజాలము దళసరిగా పెరిగి దారి మూసికొనుట నూటికి పదిమందిలో అటునిటుగా జరుగును, తఱచుగా తొలి సంవత్సరములోనే. నెలలు నిండక పుట్టి ఊపిరితిత్తులు దెబ్బతిన్న శిశువులలో కొందఱికి, ఏ ఆపరేషను జరుగకయే, ఈ సిరలు సన్నబడుచున్నవి. బెలూనుతో విప్పినను, స్టెంటు వేసినను మరల మూసికొను మొండి రోగ మిది. సిర అంచులను సూదితో తాకక, వానిచుట్టు నున్న హృదయావరణమునకు కర్ణికను కుట్టు పద్ధతిని శస్త్రకారులు 1990 దశకపు చివర రూపొందించిరి. దానివలన కొంత మేలు కలిగినది. ఏ పద్ధతియైనను దారి పూర్తిగా మూసికొనకముందే ఫలించును గాని పిమ్మట కాదు. బిడ్డ బొద్దుగా నవ్వుచున్నంతమాత్రమున ఎకో మానరాదు. ఒక్కొక్క సిర సన్నబడుచున్నప్పుడు మిగిలినవి భారము మోయుచుండుటచే పైకేమియు తెలియదు.

మన్యము నుండియో, పాలమూరు నుండియో కూలి మానుకొని, చంటిబిడ్డ నెత్తుకొని, రెండు బస్సులు మాఱి పట్టణమునకు రావలసిన తల్లికి ఆ ఎకో కొఱకు వచ్చుట సులభము కాదు. కావున ఆపరేషను చేసిన ఆసుపత్రి తరువాతి ఎకో తేదీని కాగితముపై వ్రాసి యిచ్చి, ఆ తేదీకి బిడ్డ రానిచో మఱునాడే ఆ యూరి ఆశా కార్యకర్తకు ఫోను చేయవలెను. రాకపోకల ఖర్చు తల్లి చేతికి ముందుగానే అందవలెను.