కట్ట విప్పితేనే లెక్క తెలుస్తుంది

బడిలో పిల్లలు పెరుగుతున్నారంటే ఊరికి సంతోషమే. కానీ ఇరవై మంది ఉండే తరగతిలో నలభై అయిదు మంది కూర్చుంటే ముందుగా దెబ్బతినేది లెక్కల పాఠం. తెలుగు రాని పిల్ల పుస్తకం చదవమనగానే దొరికిపోతుంది. లెక్క అర్థం కాని పిల్ల మాత్రం అందరితోపాటు ఎక్కాలు గట్టిగా అప్పజెప్పేస్తుంది, బోర్డు మీది జవాబు నోట్సులోకి ఎక్కించేస్తుంది. ఆ గుంపులో టీచరుగారికీ తెలియదు, ఇంట్లో మనకీ తెలియదు. తీరా నాలుగో తరగతికి వచ్చాక "దీని బుర్రకి లెక్కలు ఎక్కవండీ" అనేస్తాం. ఆడపిల్లయితే ఆ మాట ఇంకాస్త తొందరగా అనేస్తాం.

ఒక్క తీసివేత చూడండి. 52 లోంచి 27 తీసెయ్యమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. ఇది పరాకు కాదు. 2 లోంచి 7 పోదు గనక 7 లోంచే 2 తీసి 5 వేశారు. తర్వాత 5 లోంచి 2 తీసి 3 వేశారు. అంటే 52లో 5 అంటే అయిదు పదులన్న సంగతి ఇంకా మనసుకి పట్టలేదన్నమాట. అలాంటి పిల్ల చేత అదే లెక్క పదిసార్లు రాయిస్తే ఆ తప్పే గట్టిపడుతుంది.

దీనికి కావలసిన సామగ్రి మన ఇంట్లోనే ఉంది. చీపురు పుల్లలు సమానంగా విరిచి, పదేసి చొప్పున అయిదు కట్టలు కట్టండి. పక్కన రెండు విడి పుల్లలు పెట్టండి. "ఇవి 52. ఇందులో 27 నాకివ్వు" అనండి. రెండు కట్టలు చటుక్కున ఇచ్చేస్తుంది. ఏడు విడి పుల్లల దగ్గర ఆగిపోతుంది. ఆగనివ్వండి, మీరు చెప్పకండి. కాస్త ఓపిక పడితే తనే ఒక కట్ట విప్పుతుంది. ఇప్పుడు విడి పుల్లలు పన్నెండు. ఏడు ఇచ్చేస్తే మిగిలినవి రెండు కట్టలు, అయిదు పుల్లలు. అంటే 25. "పక్కనించి అప్పు తెచ్చుకో" అని బళ్లో చెప్పేది ఈ కట్ట విప్పడమే! చూశాక రాస్తే మర్చిపోదు.

ఇంట్లో చేసేది ఇంట్లో చేద్దాం. బడిలో జరగాల్సింది బడిలో అడగాలి. పిల్లలు పెరిగి ఒకే తరగతి రెండు సెక్షన్లయితే ఒక టీచరు ఒక తీరున, ఇంకొకరు ఇంకో తీరున చెబితే పిల్లలు తికమకపడతారు. టీచర్లంతా కూర్చుని ఒక పద్ధతి అనుకోమని కోరవచ్చు. వారానికోసారి ప్రతి పిల్లనీ "ఈ జవాబు ఎలా వచ్చిందమ్మా?" అని అడగమనవచ్చు.

టీచర్లే చాలకపోతే? 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో లెక్క స్పష్టంగా ఉంది. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా మొత్తం 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు అయిదుగురు ఉండాలి. 150 దాటితే ప్రధానోపాధ్యాయులు అదనం. సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది.

"మాకేం తెలుసు లెక్కలు, ఆయన వెళ్తార్లెండి" అంటారా? పాలవాడి నెల లెక్క, చీటీపాట వాయిదా, సంఘం అప్పు మీద వడ్డీ ఎవరు చూస్తున్నారండీ మరి? ఈసారి కమిటీ మీటింగు రోజున వంట కాస్త పెందలాడే ముగించుకుని మీరే వెళ్లండి. బడిలో పిల్లలెందరు, టీచర్లెందరు అని ముందుగా ఒక కాగితం మీద రాసుకుని మరీ వెళ్లండి.