ఎత్తిపొడుపులకు లొంగి సంతకాలు చేయవద్దు

సాయంత్రం పొలం నుంచి వచ్చి టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్న రైతు దగ్గరకు బావమరిది వస్తాడు. ట్రాక్టరు అప్పు తీసుకుంటున్నాడు, హామీ సంతకం కావాలి. "ఆలోచించి చెబుతాలే" అంటాడు రైతు. అంతే, చుట్టూ ఉన్నవారు అందుకుంటారు. "ఏం బావా, అక్కను అడగందే కలం పట్టవా?" అని బావమరిది. "మీసం ఈయనది, పెత్తనం ఆవిడది" అని పక్కనున్నాయన. అందరూ గొల్లున నవ్వుతారు. ఆ నవ్వుల మధ్య రైతుకు రోషం వస్తుంది. కాగితం లాక్కుని ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం గీకేస్తాడు.

పావుగంటలో నవ్వినవారు ఎవరిళ్లకు వారు వెళ్లిపోతారు. సంతకం మాత్రం అప్పు తీరేదాకా ఉంటుంది.

ఇది ఏ ఒక్క ఊరిలోనో జరిగేది కాదు. ట్రాక్టరు అప్పు కావచ్చు, చీటీ పాడుకున్నవారికి హామీ కావచ్చు, తోబుట్టువు చేత రాయించుకునే హక్కు విడుదల దస్తావేజు కావచ్చు. పల్లెల్లో చాలా సంతకాలు ఇష్టంతో పడవు. వెక్కిరింతకు జడిసి కొన్ని, కన్నీళ్లకు కరిగి కొన్ని, మొహమాటానికి కొన్ని పడతాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు నోటీసు వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ తలలు పట్టుకుంటారు.

హామీ అంటే సాక్షి సంతకం కాదు

హామీ సంతకాన్ని చాలామంది సాక్షి సంతకంగా భావిస్తారు. అది పొరపాటు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవానికి ఎంత బాధ్యత ఉందో హామీదారుకూ అంతే బాధ్యత ఉంటుంది. "ముందు అతని ఆస్తి జప్తు చేసుకోండి, చాలకపోతే నా దగ్గరకు రండి" అనే హక్కు హామీదారుకు సాధారణంగా ఉండదు. అప్పు ఇచ్చినవారు నేరుగా హామీదారు మీదే దావా వేయవచ్చు. హామీదారు అప్పు కట్టిన తర్వాత ఆ సొమ్మును అసలు రుణగ్రస్తుని నుంచి రాబట్టుకోవచ్చునని అదే చట్టం చెబుతుంది. కానీ బ్యాంకుకే కట్టలేనివాడు బావగారికి ఎక్కడ కడతాడు?

ఇంత బరువైన కాగితం మీద సంతకం చేసే ముందు ఇంటి ఇల్లాలితో మాట్లాడటం చేతకానితనం ఎలా అవుతుంది? ఆ అప్పు తీరకపోతే ఆమె తినే తిండి మీద, ఆమె పిల్లల చదువు మీద పడుతుంది. ఆమెను అడగకపోవడమే తప్పు.

అడిగింది వేరు, అన్నది వేరు

బావా మరదళ్ల సరసాలు, వియ్యాలవారి మేలమాటలు లేకపోతే పల్లె జీవితంలో రుచి ఉండదు. వాటిని ఎవరూ తప్పు పట్టరు. అయితే సరసానికీ ఎత్తిపొడుపునకూ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. సరసం నవ్వుతో అయిపోతుంది. పని చేయించుకోవడానికి అనే మాట ఆ పని అయ్యేదాకా ఆగదు.

టీ కొట్టు దగ్గర బావమరిది అడిగింది సంతకం. అన్నది ఆడంగి అనే అర్థం వచ్చే మాట. రైతు అడిగినదాన్ని వదిలేసి, అన్నదానికి జవాబు చెప్పబోయాడు. తాను మగవాడినని చూపించుకోవడానికి సంతకం చేశాడు. మునగచెట్టు ఎక్కించినా, రోషం రెచ్చగొట్టినా, కన్నీళ్లు పెట్టుకున్నా కిటుకు ఒక్కటే. అసలు విషయం మీద ఆలోచన నిలవకుండా చేయడం.

అందుకే జవాబు అన్న మాటకు కాదు, అడిగిన విషయానికి ఇవ్వాలి. "అవును బావా, మీ అక్కను అడగందే అప్పు కాగితం మీద సంతకం చెయ్యను" అని గొంతు పెంచకుండా అంటే చాలు. వెక్కిరించిన మాటనే ఒప్పుకున్న మనిషిని ఇంక దేనితో వెక్కిరిస్తారు? వారు రెండోసారి అంటే రెండోసారీ అదే మాట, మూడోసారి అంటే మూడోసారీ అదే మాట. మాట మార్చకూడదు, సాకులు చెప్పకూడదు. "ఈ నెల ఇబ్బందిగా ఉంది" అంటే వచ్చే నెల వస్తారు. "పాసుపుస్తకం బ్యాంకులో ఉంది" అంటే దానికో ఉపాయం చెబుతారు. సాకుకు విరుగుడు ఉంటుంది. "చెయ్యను" అన్నదానికి విరుగుడు లేదు.

చెయ్యగలిగింది ఏదైనా ఉంటే అది కూడా అప్పుడే చెప్పడం మంచిది. "దుక్కి రోజుల్లో నా ఎడ్లు తోలుకుపో, పంట వచ్చాక రెండు బస్తాలు ఇస్తాను, హామీ మాత్రం ఉండను" అంటే బంధుత్వానికి లోటు చేసినట్టు కాదు.

పుట్టింటి గడప మీద

వెక్కిరింత కన్నా కన్నీళ్లు బలమైనవి. వాటి బరువు ఎక్కువగా ఆడపడుచుల మీద పడుతుంది.

కూతురికి కూడా పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లకు అది వర్తించింది. దేశమంతటికీ 2005లో కేంద్రం సవరణ తెచ్చి, పెళ్లయిన కూతుళ్లను కూడా చేర్చింది. ఆ హక్కు పుట్టుకతో వచ్చేదేనని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. అంతకు ముందే చట్టబద్ధంగా ముగిసిపోయిన పంపకాలను మాత్రం ఇది తిరగదోడదు.

చట్టం ఇలా ఉండగా ఇళ్లలో మాటలు వేరుగా వినిపిస్తాయి. "పసుపు కుంకుమ కింద ఇచ్చింది చాలదా?" "రేపు నీ కూతురి పెళ్లికి మేనమామ రాకపోతే ఏం చేస్తావు?" "నేను కళ్లు మూయకముందే అన్నదమ్ములతో తగువు పడతావా తల్లీ?" ఈ మాటలు విని ఏ ఆడపిల్ల గుండె కరగదు? రిజిస్ట్రారు ఆఫీసులో అధికారి సంతకం మీదేనా అని అడుగుతాడు. దాని వెనుక ఎంత ఏడ్పు ఉందో ఆయనకు తెలియదు.

అన్నదమ్ములది ప్రతిసారీ అన్యాయమని అనడానికీ లేదు. తండ్రి చేసిన అప్పులు తీర్చి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసి, ముసలి తల్లిని చూసుకుంటున్నవారు ఉన్నారు. అలాంటప్పుడు ఆ లెక్క నలుగురి ముందు పెట్టి మాట్లాడాలి. లెక్క చూసి, ఆలోచించుకుని, చెల్లెలు తన ఇష్టంతో వాటా వదులుకుంటే అది ఆమె పెద్ద మనసు. బంధుత్వం తెగుతుందన్న భయంతో వదులుకుంటే అది ఇష్టం కాదు.

"అన్నయ్యా, నీ మీద నాకు ప్రేమ లేక కాదు. ఆ సంగతి వేరు, ఈ కాగితం సంగతి వేరు. ఇంటికి తీసుకెళ్లి చదివించుకుంటాను. ఈ రోజు సంతకం చెయ్యను." ఆడపడుచు ఈ నాలుగు మాటలూ ఏడవకుండా, తిట్టకుండా అనగలిగితే చాలు. మంచి ఉద్దేశంతో రాసిన కాగితం వారం రోజులు ఆగితే చెడిపోదు. ఈ రోజే కావాలని తొందర పెట్టిన కాగితాన్నే రెండుసార్లు చదవాలి.

చస్తానని బెదిరిస్తే

కన్నీళ్లు పని చేయకపోతే చివరి ఆయుధం ఇది. "నువ్వు సంతకం చెయ్యకపోతే మందు తాగి చస్తాను." పురుగుమందు డబ్బా ప్రతి ఇంట్లో ఉండే పల్లెలో ఈ మాటకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇలాంటి వ్యవహారమే వంద సంవత్సరాలకు పూర్వం కోర్టుకెక్కింది. ఒక వ్యక్తి ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించి, భార్య చేత, కొడుకు చేత తన సోదరునికి అనుకూలంగా ఆస్తి విడుదల పత్రం రాయించాడు. ఆత్మహత్య బెదిరింపు కూడా కాంట్రాక్టు చట్టం చెప్పే నిర్బంధం కిందికే వస్తుందని 1917లో మద్రాసు హైకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. అలా రాయించుకున్న కాగితాన్ని రాసినవారు రద్దు చేయించుకోవచ్చు.

అయితే చట్టం ఉంది కదా అని ముందు సంతకం చేసి, తర్వాత కోర్టుకు పోదామనుకోవడం తెలివైన పని కాదు. నిర్బంధం జరిగిందని రుజువు చేయాలి, వకీలును పెట్టుకోవాలి, ఏళ్ల తరబడి తిరగాలి. పైగా అలాంటి దావాకు సాధారణంగా 3 ఏళ్ల గడువే ఉంటుంది.

ఇక్కడ మరో మాట తప్పక చెప్పుకోవాలి. చస్తానన్న మనిషిని "చావు చూద్దాం" అని రెచ్చగొట్టడం మహా పాపం. ఉత్త బెదిరింపేనని కొట్టిపారేయడం కూడా ప్రమాదమే. ప్రాణం సంగతి, కాగితం సంగతి విడివిడిగా చూడాలి. మందు డబ్బాలు అందకుండా తీసి తాళం వేయాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంటి పెద్దలను పిలవాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ వారు ఉచితంగా తెలుగులో మాట్లాడి సలహా చెబుతారు. మందు తాగితే క్షణం ఆలస్యం చేయకుండా 108కి కబురు చేయాలి. ఇవన్నీ చేయాలి. సంతకం మాత్రం చేయనక్కర లేదు. సంతకంతో ఆ మనిషి మనోవ్యాధి నయం కాదు.

ఊరుకోవాలా, మాట్లాడాలా?

ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు పెద్దలు. మౌనం అర్ధాంగీకారం అన్నదీ పెద్దలే. రెండూ నిజమే. ఏది ఎక్కడ పనికొస్తుందో తెలుసుకోవాలి. దారిన పోతుంటే ఎవరో ఒక మాట విసిరారు, ఏమీ అడగలేదు. అక్కడ ఊరుకోవడమే మేలు. తిరిగి అనకపోతే ఆ మాట అక్కడే పడి ఉంటుంది. కానీ డబ్బో, సంతకమో, పొలమో అడుగుతూ అన్నప్పుడు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క కడతారు. మర్నాడు కాగితాలతో దిగుతారు. అక్కడ నోరు విప్పి చెప్పి తీరాలి.

మెత్తగా చెప్పినా ఆగని మాటలూ ఉన్నాయి. పిల్లలు లేరనో, మగపిల్లవాడు లేడనో ఇంట్లో కోడలిని నిత్యం దెప్పడం సరసం కాదు. 2005 నాటి గృహహింస చట్టం అలాంటి హేళనను హింసగానే లెక్కించింది. షెడ్యూల్డు కులాలు, తెగల వారిని నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఇవి ఓర్చుకోవలసిన మాటలు కావు. చేయి చేసుకునేవారి ముందు శాంతవచనాలతో కూర్చోనక్కర కూడా లేదు. పెద్దలకు, పోలీసులకు చెప్పుకోవాలి.

ఇంత కచ్చితంగా ఉంటే బంధుత్వాలు చెడవా అని కొందరు అడుగుతారు. కొన్నాళ్లు ముఖం ముడుచుకుంటారు, నిజమే. కానీ హామీ ఉన్నందుకు పొలం అమ్ముకోవలసి వచ్చిన ఇంటికీ, అప్పు ఎగ్గొట్టిన ఇంటికీ మధ్య రాకపోకలు ఎన్నాళ్లు సాగుతాయో ఊళ్లలో అందరూ చూస్తున్నదే. ముందు చెప్పిన "కాదు" వల్ల వచ్చే అలక పండుగ నాటికి తీరుతుంది. ఆస్తి పోయిన తర్వాత పుట్టిన పగ పిల్లల తరానికి కూడా తీరదు.

చివరిగా ఆ టీ కొట్టు దగ్గర కూర్చున్న మిగతావారి సంగతి. బావమరిది ఒక్కడే అడిగి ఉంటే రైతు ఆలోచించుకునేవాడు. నలుగురు నవ్వినందువల్లే చేయి కాగితం మీదికి పోయింది. ఆ నలుగురిలో ఒక పెద్దాయన "ఉండవయ్యా, అప్పు కాగితం కదా, ఇంటికి తీసుకెళ్లి చదువుకోనీ" అని ఉంటే ఆ సంతకం ఆ రోజు పడేది కాదు. ఆ మాట అనడానికి పైసా ఖర్చు లేదు. ఊరి పెద్దలు ఇకనైనా అనడం అలవాటు చేసుకోవాలి.