నియమం వారిది, నష్టం మనది



తెలంగాణ నేతన్నలకు మరమగ్గాల ఊరుగా సుపరిచితమైన సూరత్ నగరానికి మరొక చరిత్ర కూడా ఉన్నది. 1831లో అక్కడ జన్మించిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్, అమెరికా అంతర్యుద్ధకాలపు పత్తి సిరులతో బొంబాయి వాటాల బజారుకు మకుటం లేని మహారాజయ్యాడు. బ్యాక్ బే కంపెనీ ఐదువేల రూపాయల వాటా యాభైవేలు దాటింది. సొమ్ము వెంటనే చెల్లించనక్కరలేదు, గడువునాడు ధరల తేడా లెక్క చూసుకుంటే చాలునన్నది ఆనాటి వాయిదా బేరాల పద్ధతి. యుద్ధం ముగిసింది, పత్తి ధర పడిపోయింది. గడువులన్నీ ఒక్కసారిగా మీదపడిన 1865 జూలై 1న బజారు కుప్పకూలింది. బొంబాయి బ్యాంకు సైతం 1868లో మూతపడింది.

ఇట్టి పతనాలకు ప్రజల అత్యాశే కారణమని పెద్దలు సెలవిస్తారు. మేము అంగీకరించము. అత్యాశ ఏ కాలంలోనైనా ఉండేదే. దానికి గడువులు ఏర్పరచి, చేత సొమ్ము లేని బేరాలకు తలుపులు తెరచి, ఒడిదుడుకులను పెంచేవి నియమాలే. తప్పు సిగ్నలు ఇచ్చి, ప్రమాదానికి ప్రయాణికుణ్ణి నిందించడం న్యాయమా?

నేడు ఆ వాయిదా బేరమే ఫ్యూచర్స్, ఆప్షన్స్ అన్న పేర్లతో సెల్‌ఫోనులోకి వచ్చింది. 2021-22 నుండి మూడు సంవత్సరాలలో ఈ బేరాలాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారని, ఆ నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీయే 2024లో ప్రకటించింది. ఉదయం బ్యాంకు షేర్లు కొని సూచీని లేపి, పిదప వాటిని అమ్మి పడగొట్టి, అంతకు మించిన ఆప్షన్ బేరాలలో లాభం గుంజారని 2025 జూలైలో జేన్ స్ట్రీట్ సంస్థపై అదే సెబీ అభియోగం మోపి, 4,843 కోట్లు స్తంభింపజేసింది. ఆ సంస్థ అభియోగాన్ని నిరాకరించింది. తుది తీర్పు ఏదైనా కావచ్చు. అట్టి ఆటకు అవకాశమిచ్చినది నియమం కాదా? ఒక్కొక్క ఎక్స్ఛేంజికి ఒకే వారపు గడువు సూచీ ఉండాలని 2024 అక్టోబరులో సెబీ ఆదేశించడం ఈ సత్యాన్ని అంగీకరించడమే.

మనకేమి సంబంధమంటారా? ప్రవర్తనా నియమావళిలోని 16వ నియమం ప్రకారం తపాలా, రైల్వే ఉద్యోగి వాటాలపై స్పెక్యులేషన్ చేయరాదు. తరచు కొని అమ్మినా స్పెక్యులేషనే. కాని 2004 జనవరి 1 నుండి చేరినవారి వేతనంలో నూటికి పది రూపాయలు కోసి, ఆ పింఛను నిధిలో కొంత భాగాన్ని అదే బజారులో పెడుతున్నది ప్రభుత్వమే! మన నిధి ఆప్షన్లు ఆడకపోవచ్చు. ఆ ఆటలు కదిలించే ధరలే దాని విలువను నిర్ణయిస్తాయి. 2025 ఏప్రిల్ 1న వచ్చిన ఏకీకృత పింఛను పథకం కొంత హామీ ఇచ్చినా, కోత మాత్రం ఆగలేదు.

కనుక మా కోర్కెలు స్పష్టం. వారపు గడువు బేరాలను రద్దు చేయాలి. సూచీని ఆడించే బడా సంస్థలను కఠినంగా శిక్షించాలి. పాత పింఛనును పునరుద్ధరించాలి. ముప్పయ్యేళ్ళు పట్టాలపై, తపాలా సంచులతో చెమటోడ్చినవాని వృద్ధాప్యం, ఎవరో విధించిన గడువునాటి ధరపై ఆధారపడరాదు!